ఇంటిపట్టున గడచు సెలవులు – కాలదానము

సెలవు అను మాటకు అనుమతి యని యర్థము. పెద్దలు సెలవిచ్చినగాని పిన్నలు కదలరాదనుట మన యిండ్లలోని పూర్వమర్యాద. సంవత్సరాంతమున పాఠశాల పిల్లలకు సెలవిచ్చుచున్నది. అనగా, కొంతకాలము తన నియమములనుండి వారిని విడిచిపెట్టుచున్నది. మరి యిల్లు వారికి దేనికి సెలవిచ్చుచున్నది? ప్రశ్న చిన్నదిగనే తోచును. కాని పని చేయునపుడు మానవుడు అవసరమునకు లోబడియుండును. తీరిక దొరకినపుడే అతని యిష్టము బయటపడును. ఒక కుటుంబము తీరికను వినియోగించు విధమును బట్టి, అది దేనిని విలువగలదిగా నెంచుచున్నదో తెలిసికొనవచ్చును.

తెలుగునాట ఈ సెలవులు సాధారణముగా ఏప్రిల్ నాలుగవ వారము మొదలు జూన్ రెండవ వారము వరకు నుండును. వీనిని ఎండకాలపు సెలవులని యందురు గాని, పంచాంగము ననుసరించి చైత్రవైశాఖములు వసంతఋతువే. మామిడి కాపునకు వచ్చును, మల్లెలు విరియును. ఆ దినములలోనే ఇరుగుపొరుగుల యందు ప్రయాణపు మాటలు వినవచ్చును. ఒకరు ఊటీ వెళ్ళుచుందురు, మరియొకరు కాశ్మీరము, వేరొకరు కాశీయాత్రకు బయలుదేరుదురు. ఆ వీథిలోనే ఒక యింట మూటముల్లెలు కదలవు. జీతము చాలదు, లేదా, మంచము పట్టిన ముదుసలిని విడిచిపోవ వీలులేదు. “మన మెక్కడికీ పోమా, నాన్నగారూ?” అని బిడ్డ యడుగును. తండ్రి తల వంచుకొనును. ఆ మౌనములో నున్నది దారిద్ర్యబాధ మాత్రమే కాదు, బిడ్డకు చెల్లవలసిన దేదో తాను చెల్లింపలేదను సిగ్గు. ఆ సిగ్గు న్యాయమైనదా? ఇంటిపట్టున గడచిన సెలవులు బిడ్డకు జరిగిన లోటా?

అందని ద్రాక్షపండ్లు పుల్లనివని చెప్పి యీ ప్రశ్నను దాటవేయుట తగదు. ప్రయాణము మంచిదే. మన పూర్వులు తీర్థయాత్రలను ఏర్పరచినది ఊరకే కాదు. సముద్రమును తొలిసారి చూచిన బాలుని ముఖము నెరిగినవారెవ్వరును ప్రయాణమును నిందింపరు. కాని అందలి మేలేమో విడదీసి చూడవలెను. అందు రెండంశములు గలవు: క్రొత్తవానిని చూచుట యొకటి, కార్యాలయమును వంటయింటిని మరచిన తల్లిదండ్రులతో రోజంతయు గడపుట రెండవది. పెరిగి పెద్దవాడైన వానిని బాల్యమునాటి ప్రయాణమును గూర్చి యడిగినచో, చూచిన కోటకన్న, ఆ కోటమెట్లపై తండ్రి తన్ను భుజముపై నెక్కించుకొనిన సంగతియే ముందు చెప్పును. ఈ రెండవ మేలునకు రైలుటిక్కెట్టు అక్కరలేదు. మొదటిది సైతము స్థలమును బట్టి కొంత, చూచు కంటిని బట్టి యంతకు మించి యుండును.

జర్మను తత్త్వవేత్త కాంట్ (1724–1804) తన జీవితమునంతయు కోనిగ్స్‌బర్గు నగరమునందును దాని చుట్టుపట్లను గడపినవాడే. అయినను అచ్చటి విశ్వవిద్యాలయమున సుమారు నలువది సంవత్సరములు భూగోళశాస్త్రమును బోధించెను. ఒక్కచోట నున్నవాని బుద్ధి ఒక్కచోటనే యుండవలెనను నియమము లేదు.

అంతదూర మేల? ఈ వసంతరాత్రులందు భోజనానంతరము బిడ్డను డాబా మీదికి తీసికొనిపొమ్ము. ఉత్తరదిశను సప్తర్షిమండలము కనబడును. దాని తోకయందలి మూడు నక్షత్రములలో నడిమిది వసిష్ఠుడు. దానిని ఆనుకొని మినుకుమను చిన్నచుక్కయే నవదంపతులకు చూపెడి అరుంధతి. ఆ తోక వంపును అట్లే ముందునకు సాగించినచో ఎఱ్ఱని కాంతిగల స్వాతి, ఇంకను సాగించినచో తెల్లని చిత్త తగులును. పున్నమినాటి చంద్రుడు ఈ చిత్తానక్షత్రము దాపున నుండు మాసమే చైత్రము; విశాఖ దాపున నుండునది వైశాఖము. క్యాలెండరులో వల్లెవేసిన పేరు ఆకసమున వెలుగుచుండుట చూచిన బిడ్డకు ఆ రాత్రి తన డాబాయే క్రొత్తదేశము.

మరియొక వింత గలదు. కర్కటరేఖకును మకరరేఖకును నడుమనున్న ప్రతి యూరిలో సంవత్సరమునకు రెండు దినములు మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. నిలువుగా పాతిన కఱ్ఱకు నీడ యుండదు. తిరుపతిలో ఇది ఏప్రిల్ చివరి వారమునను, హైదరాబాదులో మే 9వ తేదీ ప్రాంతమునను, విశాఖపట్టణమున దాదాపు మరునాడును మొదట సంభవించును. హైదరాబాదులో అది గడియారమున పండ్రెండు గంటలకు గాక, సుమారు 12 గంటల 12 నిమిషములకు జరుగును. ఏలయన, దేశమంతటికి నొకటిగా పెట్టుకొనిన కాలము వేరు, ఆ యూరి సూర్యుని కాలము వేరు. ఎండ తగులకుండ తలకు గుడ్డ చుట్టి, పెరటిలో కొన్ని నిమిషములు నిలిచినచో చాలును. కర్కటరేఖకు ఉత్తరమున నున్న కాశీలోను ఢిల్లీలోను ఈ వింత ఎన్నడును కానరాదు. ఆ దినమున ఊరు విడిచి అటు పోయినవారికి తప్పిపోవునది, ఇంటనున్నవారికి దక్కును!

ఇవి యన్నియు పెద్దలకు తెలిసియుండవలెనా? అక్కరలేదు. పక్షిశాస్త్రవేత్త సలీం ఆలీ (1896–1987) బాల్యమున, 1908వ సంవత్సర ప్రాంతమున, బొంబాయిలో ఒక పిచ్చుకను గాలితుపాకితో కొట్టెను. దాని గొంతుపై పసుపుమచ్చ యుండుట చూచి, అదేమి పక్షియని మేనమామ నడిగెను. ఆయనకు తెలియలేదు. కాని కసరలేదు, ప్రకృతిచరిత్రసంఘమునకు ఉత్తరమిచ్చి పంపెను. అచ్చటి కార్యదర్శి మిల్లర్డు ఆ పిల్లవానికి సొరుగులు తెరచి, భద్రపరచిన పక్షుల నన్నిటిని చూపెను. పక్షిని కొట్టుట మెచ్చదగినది కాదు. కాని ఒక జీవితమునకు దారి దొరకినది ఆ తుపాకివలన గాదు. “నాకు తెలియదు, తెలిసినవారి నడుగుదము” అను పెద్దవాని యోర్పువలన దొరకినది. అట్టి యోర్పునకు ధనము వలదు.

ఇంటిలోని పనులును ఇట్టివే. ఆవకాయ పెట్టునాడు ముక్కలను పొడిగుడ్డతో తుడుచుట, జీడి తీయుట పిల్లలు చేయగలరు. ఒక్క తడిముక్క జాడీనంతటిని బూజు పట్టించునని తెలిసికొనిన బాలుడు శ్రద్ధ యనగా నేమో గ్రంథము లేకయే నేర్చును. మిట్టమధ్యాహ్నమున చావడిలో సుద్దతో గడులు గీచి గవ్వలు వేసినచో అష్టాచెమ్మా. తాతకును మనుమనికిని అచ్చట ఒకటే నియమము. గవ్వకు వయసు తెలియదు. సాయంకాలము గ్రంథాలయమున్నది. 1918లో స్థాపింపబడిన వేటపాలెపు సారస్వత నికేతనము వంటివి ఈ నేలపై పుట్టినవే. 1935లో కృష్ణా కాలువలపై పడవ గ్రంథాలయమును నడిపి, పల్లెలకు పుస్తకములను చేరవేసిన దేశమిది. నేడు ఊరిలోని శాఖాగ్రంథాలయమునకు నాలుగడుగులు నడచిపోవుట భారమా?

అయినను ఈ పనుల పట్టికయే సర్వము కాదు. ఇదే యాట ఒక యింట ఆనందమగును, మరియొక యింట శిక్ష యగును. భేదము ఎచ్చట నున్నది? గీతయందు పదునేడవ యధ్యాయమున దానము మూడు విధములుగా చెప్పబడినది. ఈయదగినదని తలచి, ప్రతిఫలము కోరక, తగిన కాలమున, తగినవానికి ఇచ్చునది సాత్త్వికము. ఫలము నాశించి, మనసున బాధపడుచు ఇచ్చునది రాజసము. ఆదరము లేక, చులకనగా ఇచ్చునది తామసము. దానమనగా అన్నము, ధనము, వస్త్రమే కానక్కరలేదు. తిరిగి సంపాదింపరాని ధనము కాలమొక్కటియే గనుక, బిడ్డకు కాలము నిచ్చుటయు దానమే. ఈ మూడు భేదములు దానియందును గలవు.

ఒక చేతిలో సెల్‌ఫోను, కన్నులు దానిపై, నోటిలో ‘ఊఁ, ఊఁ’ అను మాట: ఇట్లు బిడ్డకడ కూర్చుండుట తామసదానము. బిడ్డ దానిని వెంటనే గుర్తించును. తానును ఒక ఫోను నడుగును. అపుడు నింద యెవరిది?

రాబోవు సంవత్సరపు పాఠములను ముందుగనే రుబ్బించుట, ఉదయ మొక శిక్షణ, సాయంకాల మొక శిక్షణ అని తరుముట, ప్రతి యాటనుండియు మార్కు లేరవలెనని చూచుట రాజసదానము. ‘స్కూలు’ అను మాటకు మూలమైన గ్రీకు పదమునకు తీరిక యని యర్థము. తీరికనుండి విద్య పుట్టెను. నేడు విద్య తీరికనే మ్రింగుచున్నది. 1989లో ఐక్యరాజ్యసమితి యంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికయందు 31వ అధికరణము విశ్రాంతిని, తీరికను, ఆటను బిడ్డల హక్కుగా చెప్పినది. భారతదేశము 1992లో దానియందు చేరినది. ఏమియు చేయక వేపచెట్టు క్రింద కూర్చుండి చీమల బారును చూచు బాలుడు కాలము వృథాపుచ్చుచున్నాడని యనరాదు. వానికి తోచకపోవుట గూడ మేలే. తోచని వేళనే బుద్ధి తనంత తాను ఆటను కల్పించుకొనును. కనుక దగ్గర నుండుట యెట్లు కాలదానమో, సమయము నెరిగి తొలగియుండుటయు అట్లే కాలదానము.

ఇచ్చట ఒక న్యాయవిచారము గలదు. పిల్లలు ఇంటనున్నంతకాలము సెలవు ఎవరికి? తండ్రి కార్యాలయమునకు పోవును, పిల్లలు ఆడుకొందురు, తల్లికి మాత్రము పని రెట్టింపగును. పలహారములు, అతిథులు, అప్పడములు, వడియములు, తెగవులు తీర్చుటలు అన్నియు ఆమె పైననే పడును. ఒకరి అలసటపై కట్టిన పండుగ ధర్మమగునా? ఇంటిపట్టు సెలవులు నిజముగా కుటుంబముయొక్క సెలవులు కావలెనన్న, నీళ్ళు పట్టుట, గిన్నెలు తోముట, పక్కలు వేయుట పిల్లలును తండ్రియును పంచుకొనవలెను. తల్లి అష్టాచెమ్మా గడుల ముందు కూర్చుండగలిగిన నాడే ఆ యింటికి సెలవు వచ్చినట్లు.

దినకూలిపై బ్రతుకువారికి ఈ మాటలు చెల్లునా యని అడుగవచ్చును. వారికి తీరిక కరవే. కాని సాత్త్వికదానమునకు పరిమాణము కొలత కాదు. రాత్రి మంచముపై నడుము వాల్చిన తండ్రి తన చిన్ననాటి చెరువును గూర్చి పావుగంట చెప్పినను అది పూర్ణదానమే. తీరిక యెక్కువగా గలవారికి బాధ్యతయు నెక్కువ. తల్లిదండ్రులిద్దరు పనికిపోగా గడపలో నొంటిగా కూర్చున్న పొరుగుబిడ్డను, ఇంట పనిచేయు నామె వెంట వచ్చిన బిడ్డను గవ్వలాటకు పిలువవచ్చును. ఆ పిలుపు లేనిచో, కుటుంబప్రేమ స్వార్థమునకు మరియొక పేరగును.

కావున ఇంట గడచిన సెలవులు తమంత తాము లోటు కావు. ఇంటనుండియు పెద్దల మనసు బిడ్డకు దొరకకపోవుటయే లోటు; ఆ లోటు ఊటీలోను తీరదు. జూన్ మాసమున బడి తెరచిననాడు పిల్లల నడుగు మొదటి ప్రశ్న “సెలవులలో ఎక్కడికి వెళ్ళితిరి?” అనునది. ఆ ప్రశ్నకు సగము తరగతి తల వంచుకొనును. “సెలవులలో ఏమి చూచితివి? ఎవరితో చూచితివి?” అని యడుగు ఉపాధ్యాయుడు ఆ పిల్లలకు ఎంతయో మేలు చేసినవాడగును. ఆ ప్రశ్నకు తమ బిడ్డ తలయెత్తి సమాధానము చెప్పునట్లు చేయుట, ధనమున్నను లేకున్నను, ప్రతి గృహస్థునకు శక్యమైన ధర్మము.