విశ్రాంతి ఎవరికి?

ధ్యాన వాక్యములు: మార్కు సువార్త 6:30–46, ద్వితీయోపదేశకాండము 5:12–15



రోహిణి కార్తె ఎండలు మండుచున్నవి. దాళ్వా కోతలు, నూర్పిళ్లు ముగిసినవి. కాలువలు కట్టివేసిరి. వేసవి బైబిలు పాఠశాలయు ముగిసినది. బడులు తెరచుటకు ఇంక కొద్ది దినములే యున్నవి. తొలకరి పడి నారుమళ్లు దున్నువరకు మన పల్లెలలో కొంత తీరిక. ఈ తీరికలో మన కుటుంబములు చుట్టముల యిండ్లకును, పేరుపాలెము సముద్రపు ఒడ్డునకును, గోదావరి రేవులకును బయలుదేరుచున్నవి. కొందరు నాటుపడవ మాటలాడుకొని లంకకు పోయి, చెట్ల నీడను వండుకొని తిని, ప్రొద్దు వాలిన తరువాత తిరిగి వచ్చుచున్నారు. దారిలో తెడ్డు నాకిమ్మంటే నాకిమ్మని పిల్లలు పోట్లాడుదురు. బయటికి పోలేనివారు రాత్రివేళ టెలివిజను ముందర చాప పరచుకొని ఇంటిల్లిపాది క్రికెట్టు చూచుచున్నారు.

ఇట్టి వినోదములు విశ్వాసులకు తగునా యని సంఘపెద్దలలో ఒకరు మమ్ము నడిగిరి. మన తాతల కాలమున పేకాటను, కోడిపందెములను, సారాను మానిపించుటకు బోధకులు ఎంతో ప్రయాసపడిరి. ఆ భయములో పుట్టిన ప్రశ్న యిది. దానిని మేము తేలికగా త్రోసివేయము. అయితే మార్కు సువార్త 6వ అధ్యాయము చదివినవారు విశ్రాంతి కోరుట పాపమని చెప్పజాలరు. ఇద్దరిద్దరుగా గ్రామములు తిరిగిన పండ్రెండుమంది ప్రభువునొద్దకు తిరిగి వచ్చిరి. ఆ దినములలోనే బాప్తిస్మమిచ్చు యోహానును హేరోదు చంపించెను. వచ్చువారు పోవువారు ఎడతెగక యుండుటవలన శిష్యులకు అన్నము తినుటకైనను తీరిక దొరకలేదని మార్కు వ్రాసియున్నాడు. శరీరము అలసినది, మనస్సు దుఃఖముతో నిండినది. అప్పుడు విశ్రాంతి మాట ఎత్తినవాడెవరు? శిష్యులు అడుగలేదు. ప్రభువే వారి ముఖములు చూచి, జనములేని చోటికి పోయి కొంతసేపు సేదదీరుదమని పిలిచెను. వారు పడవ ఎక్కిరి.

ఆ పడవనుగూర్చి ఒక మాట. గలిలయ సముద్రము అనుచున్నాముగాని అది మంచినీటి సరస్సు. పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు 13 కిలోమీటర్లు మాత్రమే. ఒడ్డున నడచువారికి పడవ పోవు దిక్కు కనబడుచునే యుండును. అందుచేతనే జనులు కాలినడకను పరుగెత్తి పడవకంటె ముందుగా చేరగలిగిరి. 1986వ సంవత్సరమున అనావృష్టివలన ఆ సరస్సు నీరు చాల తగ్గిపోగా, ఒడ్డు బురదలో పాత పడవ యొకటి ఇద్దరు అన్నదమ్ములైన జాలరుల కంట బడినది. పండితులు పరీక్షించి అది సుమారు ప్రభువు కాలమునాటిదే యని తేల్చిరి. దాని పొడవు 8 మీటర్లు, వెడల్పు 2 మీటర్లకు కొంచెము ఎక్కువ. అటువంటి పడవలో పదముగ్గురు కూర్చుండిరనుకొనుడి. మోకాళ్లకు మోకాళ్లు తగులుచుండును.

మరి తెడ్డు ఎవరు వేసిరి? మార్కు చెప్పలేదు. మత్తయి సుంకపు మెట్టునొద్ద కూర్చుండి లెక్కలు వ్రాసినవాడు; అతనికి నీటి మీది ప్రయాణము వేడుక. పేతురు, అంద్రెయ, యాకోబు, యోహానులు పడవలోనే పెరిగినవారు. వారికి పడవ అనగా పని. విశ్రాంతికని ఎక్కిన పడవలోనే కొందరి చేతులకు పని తప్పలేదు. ఈ మాట మా మనస్సును విడువకున్నది. విశ్వాసులు పడవ ఎక్కవచ్చునా, ఆట చూడవచ్చునా యని పెద్దలు అడిగిరి. ఎక్కవచ్చును, చూడవచ్చును. అయితే ఆ విశ్రాంతిలో ఎవరు విశ్రమించుచున్నారు, ఎవరు తెడ్డు వేయుచున్నారు? ఈ ప్రశ్న మనము వేసికొనుట లేదు.

లంకకు పోవు కుటుంబమును తలంచుకొనుడి. ఉదయము ఆరింటికి పడవ అనిన, ఆ యింటి తల్లి తెల్లవారుజామున మూడింటికి లేచినది. పులిహోర కలిపినది, కోడిగ్రుడ్లు ఉడికించినది, పెరుగన్నము గిన్నెలో సర్దినది, మంచినీళ్ల బిందె కట్టినది, చంటిబిడ్డకు మారుగుడ్డలు మూట కట్టినది. రేవునకు అందరును చేతులూపుకొనుచు వచ్చిరి. మూటలు ఆమెయు పెద్దకూతురును మోసిరి. లంకలో మగవారు నీళ్లలో దిగి ఈదులాడిరి. ఆమె మూడు రాళ్లు పెట్టి చేపల కూరకు పొయ్యి రాజేసినది. ఇంటికి వచ్చిన తరువాత అందరును అలసిపోయితిమని పండుకొనిరి. ఆమె గిన్నెలు తోమినది. ఆ దినము ఎంత సంతోషముగా గడచెనో యని మరునాడు ఇంటి యజమానుడు మాతో చెప్పును. అతడు అబద్ధమాడుట లేదు. అతనికి కనబడలేదు, అంతే.

పడవవాని సంగతియు అంతియే. మనకు వేడుకైనది అతనికి కూలి. ఇంకొక నలుగురిని ఎక్కించుకొమ్మని, ఇంకొక గంట త్రిప్పుమని మనము అతనిని బలవంతము చేయుచున్నాము. 2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీ ఆదివారమున దేవీపట్నము ఎగువను కచ్చులూరు దగ్గర, గోదావరి వరదలో, 70 మందికి పైగా ఎక్కిన విహారపు పడవ మునిగి వారిలో సగము కంటె ఎక్కువమంది చనిపోయిరి. ఆ శవములను వెదకిన దినములు ఈ జిల్లాలవారు మరువలేరు. గనుక సరంగు వద్దన్నప్పుడు వద్దే. లైఫ్ జాకెట్టు తొడుగుకొనుట అవిశ్వాసము కాదు. దేవాలయ శిఖరము మీదనుండి దుముకుమని సాతాను చెప్పినప్పుడు ప్రభువు ఏమి సమాధానమిచ్చెనో మీరెరుగుదురు.

ఇప్పుడు ద్వితీయోపదేశకాండము తీయుడి. పది ఆజ్ఞలు రెండు చోట్ల వ్రాయబడినవి. నిర్గమకాండములో విశ్రాంతిదినమునకు కారణము సృష్టి: దేవుడు ఆరు దినములు పనిచేసి ఏడవ దినమున విశ్రమించెను. ద్వితీయోపదేశకాండములో కారణము వేరు: నీవు ఐగుప్తులో దాసుడవై యుంటివి, అది మరువకుము. అందుచేత నీ దాసుడును దాసియును నీవలెనే విశ్రమింపవలెనని దేవుడు అక్కడ ప్రత్యేకముగా చేర్చెను. కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, పశువులు, ఇంటనున్న పరదేశి, వీరందరి పేర్లును ఆ పట్టికలో నున్నవి. అరకదున్ను ఎడ్లను కూడ దేవుడు మరువలేదు.

అయితే సావధానముగా చదువుడి. ఆ పట్టికలో భార్య పేరు లేదు! ఎద్దును జ్ఞాపకముంచుకొన్న దేవుడు ఇంటి యిల్లాలిని మరచెనా? మరువలేదు. ఆజ్ఞ “నీవు” అను మాటతో ఆరంభమగుచున్నది. ఆ “నీవు”లోనే ఆమె యున్నదని వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఆదికాండము రెండవ అధ్యాయము ప్రకారము వారిరువురు ఏకశరీరమే గదా. కనుక ఇల్లాలు పొయ్యి దగ్గర చెమటోడ్చుచుండగా నీవు చాప మీద ఒరగి, నేను విశ్రాంతి తీసికొంటినని చెప్పుట ధర్మశాస్త్రము ప్రకారము కుదరదు. నీలో సగము పనిలోనే యున్నది.

కూలి కుటుంబములకు ఈ మాట మరింత బరువైనది. భూమి గలవారికి ఈ దినములు తీరిక. భూమి లేనివారికి పని దొరకని దినములు. మట్టిపనికి పోయి పదకొండు గంటల ఎండలో ఇల్లు చేరు స్త్రీకి వేసవి సెలవులని ఎవరు చెప్పిరి? ఆమె వచ్చునప్పటికి ఇంట నున్న మగపిల్లవాడు గంజి కాచి, బిందెడు నీళ్లు తెచ్చియుంచిన, అదియు ఆరాధనయే.

టెలివిజను సంగతి చెప్పెదము. ఒక్కొక్క వైపు ఇరువది ఓవర్ల ఆట రాత్రి ఏడున్నరకు ఆరంభమై పదకొండు దాటువరకు సాగును. ఆ నాలుగు గంటలలో ఎన్నిసార్లు టీ అడిగితిమో, ఎన్నిసార్లు మరమరాలు వేయించి తెమ్మంటిమో మనమే లెక్క చూచుకొందము. 2025వ సంవత్సరము నవంబరు 2వ తేదీ రాత్రి మన దేశపు ఆడపిల్లలు నవీ ముంబాయిలో దక్షిణ ఆఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్పు గెలిచిరి. ఆ జట్టులో కడప జిల్లా పల్లెలో పెరిగిన శ్రీచరణి యను మన తెలుగు పిల్లయు ఉన్నది. ఆ రాత్రి మా సంఘములో ఒక యింటికి పోయితిమి. మగవారు చప్పట్లు కొట్టుచుండిరి. ఆ యింటి ఇల్లాలు వంటింటి గుమ్మమునుండి తొంగిచూచి, “ఎవరు గెలిచిరయ్యగారూ?” అని అడిగినది. ఆమె చేతికి పిండి అంటుకొని యున్నది. ఆడపిల్లల ఆట చూచుటకు ఆ యింటిలోని ఆడకూతురికి చాప మీద చోటు లేకపోయెను.

పందెములనుగూర్చి ఎక్కువ వ్రాయనక్కరలేదు. ఆట చూచుట వేరు, ఆట మీద సొమ్ము కాయుట వేరు. సొమ్ము పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను 2025లో కేంద్రప్రభుత్వము చట్టము చేసి నిషేధించినది. చట్టము ఉన్నను సెల్‌ఫోను జేబులో నున్నది. భార్య పుస్తెలు, ఎరువుల అప్పు, కూతురి ఫీజు ఆ ఫోనులో పోవుచున్నవి. ఇది వినోదము కాదు, దొంగతనము. దొంగిలింపబడునది మన యింటివారి చెమటయే.

మంచిది, గాని మార్త సంగతి ఏమి, మరియను మెచ్చుకొని మార్తను ప్రభువు మందలించెను గదా యని కొందరందురు. నిజమే. లూకా 10వ అధ్యాయముపై ప్రసంగించు ప్రతి బోధకుడును మార్తనే తప్పుపట్టును. ఆమె ఒక్కతే పనిచేయుచున్నానని మొరపెట్టినప్పుడు ఆ గదిలో కూర్చున్న పురుషులలో ఒక్కరైనను లేచి గిన్నె అందుకొన్నట్లు వ్రాయబడలేదు. కూర్చున్న మరియ ఉత్తమమైనదానిని ఏర్పరచుకొనెనని ప్రభువు ఆమెతో చెప్పెను. ఆమె కూర్చుండుటకు వీలు కలిగించుట మిగిలినవారి బాధ్యత కాదా? మా అమ్మకు వండి పెట్టుటయే సంతోషమని చెప్పు కుమారులారా, ఆమెను ఎన్నడైన అడిగితిరా?

ఆదివారపు ఆటలమాట వచ్చినప్పుడు ఎరిక్ లిడ్డెల్ పేరు చెప్పక తప్పదు. ఆయన చైనాలో మిషనరీల యింట 1902లో పుట్టినవాడు. 1924లో పారిస్ ఒలింపిక్ ఆటలలో 100 మీటర్ల పరుగుయొక్క తొలి పోటీలు ఆదివారము పడగా పరుగెత్తనని నిరాకరించి, తరువాత 400 మీటర్ల పరుగును 47.6 సెకండ్లలో గెలిచెను. ఇంతవరకు మన ఆదివారపు బడి పిల్లలకు తెలిసినదే. తరువాతి భాగము తక్కువమందికి తెలియును. ఆయన మిషనరీయై చైనాకు తిరిగి పోయెను. 1943లో జపాను సైన్యము ఆయనను నిర్బంధ శిబిరములో పెట్టెను. అక్కడ తలిదండ్రులకు దూరమైన పిల్లలనేకులు ఉండిరి. ఆయన వారికి పాఠములు చెప్పి, ఆటలు ఏర్పాటు చేసి, విరిగిన హాకీ కర్రలను బాగుచేసి యిచ్చుచుండెను. ఆదివారము మాత్రము ఆట జరిపింపడు. పిల్లలు తామే ఆడుకొనిరి. తీర్పరి లేనందున ఆట కొట్లాటయైనది. మరుసటి ఆదివారము లిడ్డెల్ వచ్చి మైదానములో నిలిచి ఆట నడిపించెను.

లోకమంతయు బ్రతిమాలినను తన పతకముకొరకు ఆదివారమును విడువనివాడు, పిల్లలు ఒకరినొకరు కొట్టుకొనకుండునట్లు తన ఆదివారపు నెమ్మదిని విడిచెను. ఇందులో మాట తప్పినది ఏమియు మాకు కనబడదు. రెండు సారులును ఆయన విడిచినది తనదే. 1945 ఫిబ్రవరిలో, విడుదల రాకమునుపే, ఆ శిబిరములోనే ఆయన చనిపోయెను. ఆట కొరకు ఆరాధన మాని, ఆ ఆట ముందర ఇంటివారిచేత సేవ చేయించుకొనువారు ఆయన పేరు చెప్పుకొనక యుండుట మేలు.

మార్కు 6వ అధ్యాయమునకే తిరిగి వత్తము. శిష్యుల విశ్రాంతి చెడిపోయినదని కొందరు అందురు. ఒడ్డున దిగగానే అయిదువేలమంది యెదురైరి. అయితే సాయంకాలము జరిగినది చూడుడి. ప్రభువు శిష్యులను ముందుగా పడవ ఎక్కించి పంపివేసి, ఆ జనసమూహమును సాగనంపు పనిని తానొక్కడే పెట్టుకొనెను. ఆయన కూడ అలసినవాడే. మరియొక తెల్లవారుజామున, పునరుత్థానుడైన తరువాత, ఆ సరస్సు ఒడ్డుననే రాత్రంతయు వలలు వేసి ఒట్టిచేతులతో వచ్చుచున్న ఏడుగురికొరకు నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధపరచి యుంచెను. యోహాను 21వ అధ్యాయము చదువుడి. మూడు రాళ్లు పెట్టినవాడు, పొగ కండ్లలో పడినవాడు, రండి తినుడని పిలిచినవాడు ఆయనే.

మా సంఘస్థులకు ఒక ప్రకటన. బడులు తెరచుటకు ముందు శనివారమున సంఘకుటుంబములు లంకకు పోవు ఏర్పాటు ఎప్పటివలె జరుగును. పడవలో పరిమితికి మించి ఎవరిని ఎక్కించుట లేదు. రెండు దఫాలుగా పోవుదము. పడవవారిద్దరికి మనతోపాటు పంక్తిలో భోజనము. ఈసారి వంట యావత్తు పురుషులది. కూరలు తరుగువారు, పొయ్యి చూచువారు, గిన్నెలు తోమువారు తమ పేర్లు సంఘ కార్యదర్శికి ముందుగా ఇయ్యవలెను. ఉప్పు ఎంత వేయవలెనో అడుగుటకు చెట్టు క్రింద కూర్చున్న స్త్రీల దగ్గరకు ఎవరును పోరాదని పెద్దలు తీర్మానించిరి. గిన్నెలు తోమువారి పట్టికలో మొదటి పేరు, విశ్వాసులకు ఈ వినోదములు తగునా యని మమ్ము నడిగిన పెద్దగారిదే. వారే వచ్చి వ్రాయించుకొనిరి.