నిల్ ట్రాఫిక్

ప్రతి ఆదివారం పొద్దున ఏడున్నరకి ఒకాయన నన్ను పిలుస్తాడు. పేరు పెట్టి కాదు, వీయూ3తో మొదలయ్యే నా కాల్‌సైన్ పెట్టి. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. గొంతుని బట్టి అరవై దాటి ఉంటాయనుకుంటాను, మధ్యమధ్యలో దగ్గుతాడు. నేను మైకు బటన్ నొక్కి, "గుడ్ మార్నింగ్ సార్, నిల్ ట్రాఫిక్" అంటాను. అంటే, ఎవరికీ అందించాల్సిన కబురు నా దగ్గర ఏదీ లేదని. ఆయన "రోజర్" అని రాసుకుని ఇంకొకరిని పిలుస్తాడు. ఆ ఇంకొకరి దగ్గర కూడా ఏమీ ఉండదు. ఇలా ఇరవై, పాతికమంది వరసగా మా దగ్గరేమీ లేదు, మా దగ్గరేమీ లేదు అని చెప్పుకోవడానికి ముప్పావుగంట పడుతుంది.

మా ఆవిడ ఒకరోజు కాఫీ పెడుతూ అడిగింది: "ఏమీ లేదని చెప్పుకోడానికి ఇంతమంది ఆదివారం పూట లేవాలా?"

వెటకారంగానే అడిగింది. కానీ ఏడాదిన్నరగా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

హామ్ రేడియో గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పరీక్ష రాసి, ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, సొంత రేడియోతో ఎవరితోనైనా మాట్లాడవచ్చు. పన్నెండేళ్ళు నిండితే చాలు. వ్యాపారం చెయ్యకూడదు, పాటలు వెయ్యకూడదు, ఎవరికీ అర్థం కాని రహస్య సంకేతాల్లో మాట్లాడకూడదు. మనం మాట్లాడేది ఎవరైనా వినవచ్చు. మన దేశంలో మొట్టమొదటి హామ్ 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తు. 1948లో మౌలోని సైనిక సిగ్నల్స్ స్కూల్లో ఒక క్లబ్బు పెట్టారు. అదే ఢిల్లీకి మారి, 1954లో అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా అయింది. మన హైదరాబాద్‌లో 1983 నుంచీ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. రాజీవ్ గాంధీ కూడా హామే, వీయూ2ఆర్‌జీ.

ఇలాంటి సంఘం రోజూ ఏం చేస్తుందంటే మనకి తుఫాన్లు, భూకంపాలు, హెడ్‌ఫోన్సు పెట్టుకున్న హీరోలు గుర్తొస్తారు. నిజానికి ఎక్కువ భాగం గుమాస్తా పని. సభ్యత్వాల రెన్యువల్. పరీక్షకి కూర్చునే పిల్లలకి క్లాసులు. ఫలానా ఫ్రీక్వెన్సీని మా నుంచి తీసుకోవద్దండీ అని ప్రభుత్వానికి ఉత్తరాలు. మా బ్యాండులో ఎవరో అక్రమంగా దూరుతున్నారని అంతర్జాతీయ యూనియన్‌కి ఫిర్యాదులు. అన్నిటికంటే నాకిష్టమైన పని క్యూఎస్ఎల్ కార్డులు సార్ట్ చెయ్యడం. ఇద్దరు హామ్‌లు మొదటిసారి మాట్లాడుకున్నాక పోస్ట్‌కార్డు సైజులో ఒక కార్డు పంపుకోవడం ఆనవాయితీ: ఫలానా తేదీన, ఫలానా టైముకి, ఫలానా ఫ్రీక్వెన్సీ మీద నిన్ను విన్నాను అని. విడివిడిగా స్టాంపులు అంటిస్తే తడిసి మోపెడవుతుంది కాబట్టి, ఒక దేశం కార్డులన్నీ కట్టకట్టి ఇంకో దేశపు సంఘానికి పంపుతారు. అక్కడెవరో బల్ల ముందు కూర్చుని కాల్‌సైన్ల ప్రకారం వేరుచేసి, కవర్లలో పెట్టి పంపిస్తారు. ఒక కార్డు చేరడానికి ఏడాది, రెండేళ్ళు మామూలే. ఇప్పుడు ఇదంతా ఆన్‌లైన్లో క్షణంలో అయిపోతుంది. అయినా కార్డులు ఆగలేదు. నాకు జపాన్ నుంచి ఒకటి వచ్చింది. నేను మర్చిపోయిన మూడు నిమిషాల సంభాషణకి సాక్ష్యంగా, ముఖం తెలియని మనుషులు చేత్తో వేరుచేసిన కార్డు. "నిన్ను విన్నాను" అన్న మాటకి ఇంత చాకిరీ ఎందుకు చేస్తారో దాన్ని పట్టుకున్నప్పుడు కొంచెం అర్థమైనట్టే అనిపించింది. పూర్తిగా కాదు.

మాది అశ్వారావుపేట. ఖమ్మం నుంచి సత్తుపల్లి మీదుగా వస్తే తెలంగాణ అయిపోయే చోటు. ఇటు దాటితే జీలుగుమిల్లి, జంగారెడ్డిగూడెం. పామాయిల్ తోటలు, జీడిమామిడి, అడవి, కోయగూడేలు. మా వైపు వైర్‌లెస్ సెట్టు అంటే పోలీసులదో, ఫారెస్టు వాళ్ళదో, పేరు పైకి చెప్పని ఇంకొకళ్ళదో. సరదాకి రేడియో పెట్టుకున్నానంటే మా నాన్న ముందు తలుపేసొచ్చి తర్వాత మాట్లాడారు.

2024 జూలై 18, గురువారం. మా మండలంలోనే గుమ్మడవల్లి దగ్గర ఉన్న పెద్దవాగు ప్రాజెక్టు కట్ట, పగలంతా కురిసిన వానకి ఆ రాత్రి తెగింది. ఊరు తెలియనివాళ్ళకి ఇక్కడొక విచిత్రం చెప్పాలి. కట్ట తెలంగాణలో ఉంది. ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది. కింద మునిగే వేలేరుపాడు, కుక్కునూరు మండలాలు 2014 దాకా మా ఖమ్మం జిల్లావే, పోలవరం కోసం అటు కలిపారు. అంటే నీళ్ళు ఒక రాష్ట్రంలో బయల్దేరి ఇంకో రాష్ట్రంలో మనుషుల్ని చేరతాయి. కబురు కూడా అలాగే ప్రయాణించాలి. నీళ్ళకి సరిహద్దుతో పని లేదు, కబురుకి ఉంది.

ఆ రోజు సాయంత్రం నుంచీ ఇంటికి ఫోన్ కలవలేదు. మా ఇల్లు వాగుకి దూరం, భయపడాల్సింది లేదని బుద్ధికి తెలుసు. మా అమ్మ తరఫు వాళ్ళున్నది కింద, వాగు పారే వైపు. రాత్రి పదకొండింటికి రేడియో ఆన్ చేశాను. మా అపార్ట్‌మెంట్ వాళ్ళు అభ్యంతరం చెప్పగా చెప్పగా చివరికి ట్యాంకు వెనకాల కట్టుకోనిచ్చిన వైరొకటి ఉంది. ఏడు మెగాహెర్ట్జ్ మీద వినడం మొదలుపెట్టాను. పగలైతే ఆ బ్యాండు మీద సిగ్నల్ దాదాపు నిటారుగా పైకి వెళ్ళి, వాతావరణపు పై పొరల్లో తగిలి, రెండుమూడొందల కిలోమీటర్ల లోపల పడుతుంది. హైదరాబాద్ నుంచి మా ఊరికి సరిగ్గా సరిపోయే దూరం. రాత్రయ్యాక ఆ పొర స్వభావం మారుతుంది. దగ్గరివాళ్ళు మాయమైపోయి, దూరంవాళ్ళు వినిపిస్తారు. ఆ రాత్రి నాకు ఇండోనేషియా వినిపించింది. ఇటలీవాడెవడో సీక్యూ, సీక్యూ అని పిలుస్తున్నాడు. ఖమ్మం జిల్లా లేదు. ఉండటానికి అసలు అక్కడ ఎవరున్నారు గనక? నేను ఎదురుచూస్తున్న గొంతు దగ్గర రేడియోనే లేదు.

రాయడానికి ఇబ్బందిగా ఉన్న విషయం ఒకటుంది. అలా కూర్చున్న రెండు గంటల్లో భయం ఒక్కటే లేదు. ఒక ఉత్సాహం కూడా ఉంది. నేర్చుకున్నదంతా ఇందుకే కదా, ఇదిగో వచ్చింది అన్న ఉత్సాహం. నోట్‌బుక్ తీసి తేదీ, టైము నీట్‌గా రాశాను. మనసులో ఎక్కడో, నా చెవిలో ఒక కబురు పడాలనీ, దాన్ని నేనే అందించాలనీ కోరుకున్నాను. అలాంటి కబురు పుట్టాలంటే అక్కడ ఎవరో ఒకరు మునుగుతూ ఉండాలి.

ఇలా సాయానికి సిద్ధంగా ఉండేవాడు లోలోపల ఆపద కోసం ఎదురుచూస్తాడా? డాక్టర్ స్నేహితుణ్ణి అడిగితే నవ్వి, "అరుదైన కేసొస్తే మేం ఫీలవ్వమనుకున్నావా?" అన్నాడు. అది సమాధానం కాదు, తోడుదొంగ మాట. వాడికి కనీసం రోగి ఎదురుగా ఉంటాడు. నాకు ఎదురుగా ఒక డయల్.

దీని గురించి ఆలోచిస్తుంటే 1912 ఏప్రిల్ రాత్రి దగ్గరికి వెళ్తుంటాను. టైటానిక్‌కి దగ్గర్లోనే కాలిఫోర్నియన్ అనే ఓడ ఉంది. అందులో ఉన్నది ఒకే ఒక్క రేడియో ఆపరేటర్, సిరిల్ ఎవాన్స్, ఇరవయ్యేళ్ళ కుర్రాడు. చుట్టూ మంచు ఉందని టైటానిక్‌కి చెప్పబోతే అక్కడి ఆపరేటర్ పనిలో ఉన్నా నోర్ముయ్యమన్నాడు. పొద్దుటినుంచీ డ్యూటీలో ఉన్నవాడు కాస్సేపు విని, సెట్టు ఆపి పడుకున్నాడు. కొద్ది నిమిషాలకే టైటానిక్ మంచుకొండని గుద్దుకుంది. ఇంకా దూరంగా ఉన్న కార్పేథియాలో హెరాల్డ్ కాటమ్ కూడా పడుకోబోతూనే ఉన్నాడు. హెడ్‌ఫోన్సు ఇంకా తియ్యలేదు, అంతే. ఆ ఓడ వెళ్ళి సుమారు ఏడొందలమందిని ఎక్కించుకుంది. పదిహేనువందలమంది పోయారు.

ఎవాన్స్‌ది తప్పని నేననలేను. నిద్రపోయే హక్కు లేని మనిషి ఉండడు. కాటమ్‌ది గొప్ప అని కూడా పూర్తిగా అనలేను, అతను బట్టలు మార్చుకుంటున్నాడు. బెర్నార్డ్ విలియమ్స్ చెప్పే నైతిక అదృష్టానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం ఆ తర్వాత జరిగింది. లోకం ఎవాన్స్‌ని ఇంకాస్త మంచివాడివి కమ్మని అడగలేదు. వంతులు పెట్టింది. ఓడల్లో ఇరవైనాలుగ్గంటలూ ఎవరో ఒకరు వినాలని రూలు చేసింది. ఓడ రేడియో గదుల్లో ప్రత్యేకమైన గడియారాలు వచ్చాయి. గంటకి రెండుసార్లు, మూడేసి నిమిషాల ముక్క ఎర్రరంగు పూసి ఉంటుంది. ముల్లు అందులోకి రాగానే ఆపద ఫ్రీక్వెన్సీ మీద అందరూ నోరు మూసుకుని వినాలి. బలహీనమైన గొంతేదైనా ఉంటే వినపడుతుందని. 1999లో ఉపగ్రహ పద్ధతి పూర్తిగా వచ్చేదాకా సముద్రాల మీద రోజుకి నలభై ఎనిమిదిసార్లు ఇలా నిశ్శబ్దం పాటించారు. ఆ మూడు నిమిషాల్లో చాలాసార్లు వినిపించింది ఉత్త గరగర శబ్దమే అయ్యుంటుంది.

ఇతరులకి సాయపడటం బాధ్యతే గానీ ఎంత, ఎప్పుడు, ఎవరికి అన్నది మన విచక్షణకే వదిలేసిన బాధ్యత అంటాడు కాంట్. విచక్షణకి వదిలేస్తే నాబోటివాడు వదిలేస్తాడు. ఎవరి గొంతునైనా వినాల్సినవాణ్ణే నేను, నిజమే. ఇరవైనాలుగ్గంటలూ అందరి గొంతూ వినడం మాత్రం ఒక్క మనిషివల్ల అయ్యే పని కాదు. దీన్ని పంచుకోవడానికి మనుషులు కనిపెట్టిన మొరటు పద్ధతి పేరే సంఘం. రిజిస్టరు, రోల్‌కాల్, చందా, వంతు. వీటిలో కవిత్వం లేదు. మా సాహిత్య మిత్రులకి సంఘం అంటే ముందు విసుగు, తర్వాత చీలిక. నాకూ అంతే ఉండేది.

ఇటు నుంచి చూస్తే ఆదివారపు నిల్ ట్రాఫిక్‌కి అర్థం కబురు లేకపోవడం కాదు. దారి బాగుంది, ఈ రోజుకి ఫలానా చోట ఫలానా మనిషి బతికే ఉన్నాడు, రేడియో పనిచేస్తోంది, బ్యాటరీ ఉంది. సాఫ్ట్‌వేర్లో దీన్ని హార్ట్‌బీట్ అంటాం. సర్వర్లు ఒకదానికొకటి ప్రతి కొన్ని సెకన్లకీ ఏమీ లేదు, ఏమీ లేదు అని చెప్పుకుంటూ ఉంటాయి. చెప్పడం మానేసినప్పుడే పరిగెడతాం. రాత్రి తొమ్మిదింటికి అమ్మకి ఫోన్ చేస్తే "ఏం లేదురా, ఏం తిన్నావ్?" అనడం కూడా ఇదే. ఆ మాట ఇరవయ్యేళ్ళుగా నాకు విసుగు. ఆ గురువారం ఒక్కరోజు ఆ మాట రాకపోతే ఇల్లంతా తిరిగాను.

మరి ఉత్సాహం సంగతి? దీనికి నాకు దొరికిన ఊరట అండమాన్. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్ సంస్థ నుంచి భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళింది. సహాయానికి కాదు. అండమాన్ నుంచి హామ్‌లు మాట్లాడటానికి పదిహేడేళ్ళుగా అనుమతి లేదు. ప్రపంచంలో వేలమంది హామ్‌లు తమ జాబితాలో ఆ ఒక్క గడి నింపుకోవాలని కాచుకుని ఉన్నారు. పచ్చిగా చెప్పాలంటే స్టాంపులు పోగేసే సరదా లాంటిది. హోటల్ గదిలోంచి రోజూ వందల కాల్స్. డిసెంబర్ 26 తెల్లవారుజామున నేల కదిలింది. టెలిఫోన్లు పోయాయి. ఆ రోజు నుంచీ అదే రేడియో, అదే మనుషులు, ద్వీపాల నుంచి దేశంలోకి ఫలానావాళ్ళు క్షేమం అన్న కబుర్లు మోశారు. సునామీ కోసం ఎదురుచూస్తూ అక్కడ ఎవరూ కూర్చోలేదు, కూర్చోలేరు కూడా. ఆట కోసం కూర్చున్నారు. ఆపద కోసమే మనుషుల్ని కట్టేసి ఉంచితే ఆర్నెల్లలో ఎవడూ మిగలడు. సరదా ఉంటే ముప్పయ్యేళ్ళు మిగులుతారు.

కాబట్టి నా ఉత్సాహం క్షమించదగ్గదే అని నిరూపించుకున్నట్టేనా? సగం. ఆ ఆట వాళ్ళని అక్కడ కూర్చోబెట్టింది. ఆ రాత్రి నేను కూర్చున్నది హైదరాబాద్‌లో. నా ఆట నన్ను మా ఊరికి పనికొచ్చే చోట పెట్టలేదు. పెద్దవాగు కింద ఊళ్ళకి నా రేడియో వల్ల ఒరిగింది సున్నా. వాగులో చిక్కుకున్నవాళ్ళ కోసం హెలికాప్టర్ వచ్చింది. అమ్మావాళ్ళు క్షేమమని మర్నాడు మధ్యాహ్నం తెలిసింది, మామూలు ఫోన్లో. ఆ ఆదివారం ఏడున్నరకి ఆయన పిలిచినప్పుడు ఒక క్షణం ఆగాను. పేపర్లలో వచ్చేసిన వార్త ట్రాఫిక్ కాదు. "నిల్ ట్రాఫిక్ సార్" అన్నాను. ఆయన రోజర్ అన్నాక, ఎప్పుడూ లేంది, "మీ ఊరు అటువైపే కదా, ఇంట్లోవాళ్ళు బాగున్నారా?" అని అడిగాడు. నేనెప్పుడో ఏడాది క్రితం చెప్పిన ఊరు.

మొన్న సంక్రాంతికి మా ఇంటి కొబ్బరిచెట్టుకీ, నీళ్ళ ట్యాంకుకీ మధ్య ఇరవై మీటర్ల రాగి వైరు కట్టాను. ఇంకా దేనికీ కలపలేదు. అక్కణ్ణుంచి ప్రసారం చెయ్యాలంటే నా లైసెన్సులో ఆ చిరునామా ఉండాలి, దానికి కాగితాలు. అంతకంటే ముందు అక్కడ కూర్చునే మనిషి కావాలి. మా పెద్దమ్మ మనవరాలు తొమ్మిదో తరగతి, రెండు రోజులు నా వెంటే తిరిగింది. సిలబస్ చూపిస్తే ఓమ్స్ లా దాకా వచ్చేసిందంది. తర్వాత అడిగింది:

"బాబాయ్, ఎవరూ మాట్లాడకపోతే ఎంతసేపు వింటూ ఉండాలి?"

ఎర్రరంగు గడియారం సంగతి చెప్పాను. మూడు నిమిషాలైతే పర్లేదంది.

అమ్మ బయటికొచ్చి వైరు కేసి చూసి, "కరెంటుందా దీంట్లో?" అంది. లేదన్నాను. తిరుగు ప్రయాణంలో సత్తుపల్లి దాటాక ఆ పిల్ల ఫొటో పంపింది. వైరు మధ్యకి వంగిపోయి, దాని మీద రెండు దుప్పట్లు.