ఆజ్ఞచే పుట్టని మైత్రి

కార్తికమాసమున సముద్రస్నానమునకు జనులు వాడరేవు చేరుట మనకు పూర్వాచారము. ఇటీవల ఇట్టి తీరములకు మరియొక విధమైన రాక యేర్పడినది. కంపెనీలవారు తమ యుద్యోగులను సెలవుదినమున బస్సులలో తీసికొనివచ్చి, ఆటలాడించి, దానికి ‘టీం బిల్డింగ్’ అని పేరిడుచున్నారు. రానొల్లని యుద్యోగి రానని చెప్పవచ్చునా? ప్రశ్న చిన్నదిగా తోచును. కాని జీతమిచ్చి కొన్నది మనుష్యుని పనినా, మనుష్యునేనా యను పెద్ద ప్రశ్న దీనిలో నణగియున్నది.

ముందుగా యజమానుల వాదమును విందము. కలసి పనిచేయువారికి పరస్పర పరిచయము వలయునని వారందురు. అది సత్యమే. పనివేళలలో, జీతముపై, పనికి సంబంధించిన శిక్షణ నిచ్చినచో దానికి పోవుట ఉద్యోగి విధి. దానిని కాదనుట సోమరితనమునకు స్వాతంత్ర్యమని పేరు పెట్టుటయే.

సెలవునాటి విహారము మాట వేరు. అది పనియా, వినోదమా? పనియైనచో గంటలు లెక్కించి ప్రతిఫల మీయవలెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కర్మాగారముల పనివారికి వారమునకు 48 గంటల మితిని, ఒక సెలవుదినమును, మితి మించిన పనికి రెట్టింపు కూలిని విధించెను. వినోదమైనచో దానిని వారి యిష్టమునకు విడువవలెను. కూలి యడిగినప్పుడు వినోదమనియు, రానన్నప్పుడు విధియనియు చెప్పుట న్యాయము కాదు. సంస్కృతమునందలి ‘విష్టి’యే మన ‘వెట్టి’. దానిని మన రాజ్యాంగము 23వ అధికరణమున నిషేధించినది. విహారయాత్ర వెట్టియని మేమనము. అయినను ‘నీ కాలము నాది’ యను తలంపు రెంటికిని మూలము.

ఫ్రాన్సు దేశమున ఒక కంపెనీ, తన వేడుకలయందును పానగోష్ఠులయందును కలియని యుద్యోగిని 2015లో తొలగించెను. అట్లు కలియకుండుట భావప్రకటన స్వాతంత్ర్యములోనిదే యని 2022 నవంబరు 9న అక్కడి అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ తీర్పు మన దేశమున చెల్లదు. దానిలోని నీతి చెల్లును.

ఐకమత్య మెట్లు పుట్టునో తెలియుటకు చీరాల చాలును. 1921లో పురపాలక సంఘము వలదని చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, రామనగరున పాకలలో పదునొకండు మాసములు కష్టములకోర్చిరి. వారిని కలిపినది వినోదము కాదు. తమదని యెంచుకొన్న కార్యము. కంపెనీలయందును న్యాయమైన జీతమును, నిజము చెప్పినవారిని శిక్షింపని యధికారియు నున్నచో మైత్రి దానంతట పుట్టును.

చంటిబిడ్డ తల్లియు, మద్యము ముట్టనివాడును, అలలకు జంకువాడును, ఏడవనాడైనను తలిదండ్రులను చూడగోరువాడును కారణము చెప్పకయే రానని యనగలుగవలెను. బలవంతము పిలుపులో కనబడదు. రానివారి పేర్లు గుర్తుంచుకొని జీతపు పెంపునాడు తగ్గించుటలో కనబడును. అది మాన్పవలెను. రానివారును వెళ్లినవారిని పరిహసింపక, సోమవారమునాడు పనిలో పూర్ణముగా చేయి కలుపవలెను.

ఈ విషయమున గృహస్థులకును పాలు కలదు. ఉద్యోగస్థురాలైన కుమార్తె రానని చెప్పగోరినప్పుడు ‘అధికారి యేమనుకొనునో’ యని మనమే భయపెట్టరాదు. మన వనభోజనములకు పనిమనిషిని వేడుకకని పిలిచి, గిన్నెలు తోమించుచున్నామేమో కూడ చూచుకొనవలెను. రాననుటకు ఆమెకు వీలున్నదా యని ముందుగా మన యింటనే అడుగుదము.