‘ఏం లేదమ్మా!’

ఆస్పత్రిలో వినబడే మాటలన్నిటిలోకీ ‘ఏం లేదమ్మా’ అన్నంత చల్లని మాట మరొకటి లేదు. ఒళ్ళు కాలిపోతున్న పిల్లని భుజాన వేసుకుని, టోకెను చేతిలో పట్టుకుని, గంటన్నరసేపు బల్లమీద కూర్చున్న తల్లి ఆ మాట కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది. అది వింటే పోయిన ప్రాణం లేచివస్తుంది.

కాని ఆ మాటని రెండు రకాలుగా అంటారు, మీరు గమనించే ఉంటారు. పిల్లని పడుకోబెట్టి, పొట్ట నొక్కి, గొంతులో లైటు వేసి, నాలుగు ప్రశ్నలడిగి, ఆపైన ‘ఏం లేదమ్మా’ అనడం ఒకటి. చీటీమీంచి తల ఎత్తకుండా, మనం చెప్పేది సగంలో ఉండగానే ‘ఏం లేదమ్మా, వైరల్. మూడు రోజులు సిరప్ పట్టండి. నెక్స్ట్!’ అనడం మరొకటి. మొదటిది తీర్పు. రెండోది సాక్షిని పిలవకుండానే కేసు కొట్టెయ్యడం. ‘అది కాదండీ, వీడు ఎప్పటిలా లేడు’ అని గుమ్మం దగ్గర ఇంకోసారి అన్నామో, ‘గూగుల్లో చూసొచ్చారా?’ అని చిరునవ్వొకటి.

దీన్ని మర్యాద తక్కువని సరిపెట్టుకోవచ్చు. పాపం, పని ఒత్తిడి అనుకోనూవచ్చు. కాని నాకెందుకో ఇది మర్యాదకి సంబంధించిన సంగతి కాదనిపిస్తుంది. తనకి తెలిసిన సంగతి చెప్పడానికి వచ్చిన మనిషిని తెలియనిదానిగా జమకట్టడం మర్యాద లోపమా, అన్యాయమా?

‘ఎప్పటిలా లేడు’ అన్న మాటనే తీసుకోండి. ఇది ధర్మామీటరుకి అందదు. ‘ఎప్పుడూ’ ఎలా ఉంటాడో తెలిస్తేగదా ‘ఎప్పటిలా లేడు’ అనగలిగేది! ఆ ‘ఎప్పుడూ’ అన్నది డాక్టరుగారి దగ్గర లేదు. ఆయన ఆ పిల్లాణ్ణి చూసింది అయిదు నిమిషాలు. ఎంత జ్వరంలోనైనా సెల్ ఫోను కోసం చెయ్యి చాచేవాడు ఇవాళ ముఖం తిప్పుకున్నాడనీ, ఏడుపులో రోజూ ఉండే జోరు లేదనీ, అసలు సూది గుచ్చినా ఏడవలేదనీ ఆవిడకి తెలుసు. ‘ఏడవడం లేదండీ, అదే నా భయం’ అంటుంది. విన్నవాళ్ళకి నవ్వొస్తుంది. కాని ఆ మాటలో శాస్త్రం ఉంది. మన దేశంలో చిన్నపిల్లల జబ్బులు చూసే ఆరోగ్య కార్యకర్తలకి నేర్పే ప్రమాద సూచనలు నాలుగు: ఏమీ తాగలేకపోవడం లేదా పాలు కుడవలేకపోవడం, పట్టిందల్లా కక్కెయ్యడం, ఫిట్స్ రావడం, మత్తుగా పడి ఉండడం లేదా స్పృహ తప్పడం. వీటిలో మొదటి మూడూ ఎక్కువగా జరిగేది ఆస్పత్రిలో కాదు, ఇంట్లో, అర్ధరాత్రి, అమ్మ ఒళ్ళో. అందుకే ఆ పాఠంలో మొట్టమొదట తల్లిని అడగమనే నేర్పుతారు.

మన పూర్వులు ఈ ప్రశ్నని ఎప్పుడో చర్చించారు. ఒక సంగతి నిజమని మనకెలా తెలుస్తుంది అన్న దగ్గర నైయాయికులు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం అని చెప్పి, నాలుగోదిగా శబ్దాన్ని కూడా ప్రమాణంగా ఒప్పుకున్నారు. శబ్దమంటే నమ్మదగిన మనిషి చెప్పిన మాట. ఆ మనిషినే ఆప్తుడన్నారు. మరి ఆప్తుడెవరు? పెద్ద చదువులు చదివినవాడా? కాదట. సంగతిని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్టు చెప్పదలచినవాడట. న్యాయసూత్రాలకి భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇంకో అడుగు ముందుకేసి, ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనన్నాడు. (ఈయన కామసూత్రాల వాత్స్యాయనుడు కాడు లెండి, వేరే ఆయన.) ఆ కొలతతో కొలిస్తే, జ్వరం పేరేమిటన్న విషయంలో డాక్టరుగారు ఆప్తుడు. పిల్లవాడు నిన్నటిలా ఉన్నాడా లేడా అన్న విషయంలో తల్లే ఆప్తురాలు. ఒకరి సామ్రాజ్యం ఇంకొకరిది కాదు. ఆవిడ వచ్చి రోగం పేరు తానే చెప్పేస్తే ఆయన విసుక్కోవడంలో తప్పులేదు. ఆవిడ సామ్రాజ్యంలోకి వచ్చి ఆయన ‘ఏం లేదమ్మా’ అంటేనే చిక్కు.

డాక్టర్ల పక్షం కూడా చూడాలి. పొద్దుటినుంచీ వందమంది పిల్లలు. ఎక్కువ జ్వరాలు వాటంతటవే తగ్గేవే. ‘ఒక్క ఇంజక్షనైనా చెయ్యండి’ అని ప్రాణం తీసే తల్లులూ, యాంటీబయాటిక్ రాయకపోతే డాక్టరు చేతగానివాడనుకునే నాన్నలూ లేకపోలేదు. భయపడ్డ తల్లులందరి పిల్లల్నీ ఆస్పత్రిలో చేర్చుకుంటే నిజంగా అవసరమైనవాడికి మంచం దొరకదు. ఇదంతా నిజమే. అయితే నమ్మడమంటే ఒప్పుకోవడం కాదుగా! కోర్టులో జడ్జిగారు సాక్షి చెప్పిందల్లా ఒప్పుకోడు, కాని వింటాడు, రాయించుకుంటాడు, ఎదురు ప్రశ్న వేయిస్తాడు. తల్లి అడిగేదీ అంతే. నాడినీ, శ్వాసనీ లెక్కలోకి తీసుకున్నట్టే నా మాటనీ లెక్కలోకి తీసుకో అనే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఎవరి మాట నమ్ముతారన్నది మాటని బట్టి కాక మనిషిని బట్టి ఉంటుంది. ఆయనా ఆవిడా కలిసి వెళితే, పిల్లాడు రాత్రి ఎన్నిసార్లు కక్కుకున్నాడని డాక్టరుగారు ఆయన్ని అడుగుతారు. ఆయన ఆవిడ ముఖం చూస్తాడు. ఆవిడ ‘ఆరుసార్లు’ అంటుంది. ఆయన ‘ఆరుసార్లండీ’ అంటాడు. అప్పుడు చీటీమీద ఎక్కుతుంది! ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడితే కుర్చీ చూపిస్తారు. మనకే ఇలా ఉంటే, కూలికి పోయివచ్చి, నలిగిన చీరతో వరసలో నించున్న తల్లి సంగతేమిటి? ‘ఎందాక ఏం చేస్తున్నావ్? ఇప్పుడా తీసుకొచ్చేది?’ అని కసురు. రెండు రోజులక్రితం తీసుకొస్తే ‘ఏం లేదు పో’ అన్నది ఇదే గది అని చెప్పే ధైర్యం ఆవిడకి లేదు. మనిషిని చూసి మాటకి వెలకట్టే ఈ అలవాటు గురించి మిరాండా ఫ్రికర్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 2007లో ఒక పుస్తకమే రాసి, దీన్ని అన్యాయాల్లో ఒక ప్రత్యేక జాతిగా లెక్కకట్టింది.

బయటి దేశాల్లో అంతా సవ్యంగా ఉందనుకోకండి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మూడేళ్ళైనా నిండని రయన్ అనే పిల్లవాడు 2007లో చనిపోయాడు. వాడి పరిస్థితి విషమిస్తోందని తల్లిదండ్రులు మొత్తుకున్నా ఆ మాటకి తగిన విలువ దక్కలేదు. ఆ తరవాత అక్కడ వాడి పేరుమీదే ఒక పద్ధతి పెట్టారు. ముందు నర్సుకో డాక్టరుకో చెప్పాలి, వినకపోతే పైనున్న నర్సుకి చెప్పాలి, అప్పటికీ వినకపోతే ఒక నంబరుకి ఫోను చేస్తే వేరేవాళ్ళు వచ్చి పిల్లాణ్ణి చూస్తారు. ఇంగ్లండులో 2021లో మార్తా అనే పదమూడేళ్ళ పిల్ల సైకిలుమీంచి పడి, పొట్టలో దెబ్బతగిలి ఆస్పత్రిలో చేరి, రక్తంలో విషం వ్యాపించి పోయింది. ముందే ఇంటెన్సివ్ కేర్‌కి మారిస్తే బహుశా బతికేదని విచారణ చేసిన అధికారిణి తేల్చింది. తల్లి పత్రికలో పనిచేసే చదువుకున్న మనిషి. ముందుగానే తన భయం చెప్పింది. ఆవిడ పట్టుబట్టి పోరాడితే 2024 నుంచి అక్కడి ఆస్పత్రుల్లో, వేరే బృందాన్ని పిలిపించి చూపించమని అడిగే ఏర్పాటు మొదలైంది.

మనకి మాత్రం కాగితంమీద హక్కుల్లేవా? జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో పదిహేడు హక్కులున్నాయి. ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం వాటిలో ఒకటి. కాని ఆ మాట నోటితో అడగాలంటే నాలుక పెగలదు. పిల్ల ఆయన చేతుల్లో ఉంది. ఆయనకి కోపం వస్తే? మంచి ఇల్లాలని, నెమ్మదస్తురాలని చిన్నప్పటినుంచీ తెచ్చుకున్న పేరంతా ఆ వేళ గొంతుకి అడ్డుపడుతుంది. మంచి పేరు కోసం నోరుమూసుకోవడం ఏ ధర్మమో నాకు తెలియదు. మంచితనం మన సొంత ఖర్చుతో చెయ్యాలిగాని, పిల్ల ప్రాణం పెట్టుబడిగా పెట్టి కాదు.

అడగడంలోనూ ఒక తీరుంది. ‘ఆయాసంగా ఉందండీ’ అనేకన్నా, పిల్ల ఏడవకుండా ఉన్నప్పుడు గడియారం చూసి లెక్కపెట్టి, ‘నిమిషానికి యాభై అయిదుసార్లు ఊపిరి తీస్తోంది’ అనండి. తల ఎత్తుతారు. రెండు నెలల నుంచి ఏడాదిలోపు పిల్లలకి యాభై, ఏడాది నుంచి అయిదేళ్ళ దాకా నలభై దాటినా, ఆ అంకె తాకినా, వేగంగా ఊపిరి తీస్తున్నట్టే లెక్క. పొద్దుటినుంచీ ఎన్నిసార్లు ఉచ్చపోసిందో రాసిపెట్టుకోండి. డెంగ్యూ రోజుల్లో అయితే మరీ జాగ్రత్త. అందులో అసలు గండం మూడోరోజుకీ ఏడోరోజుకీ మధ్య, జ్వరం దిగేవేళే వస్తుంది. చుట్టాలందరూ ‘అమ్మయ్య, చల్లబడింది’ అంటూంటే, పిల్ల పొట్టనొప్పంటోందనీ, మత్తుగా ఉందనీ, కక్కుతూనే ఉందనీ మీరొక్కరే అంటూంటారు. అప్పుడు ఎవరేమన్నా మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళండి. చేర్చుకోకుండా పంపించేస్తుంటే, ‘ఏ లక్షణం కనబడితే తిరిగి తీసుకురమ్మంటారో చీటీమీద రాసివ్వండి’ అని అడగండి. రాయడానికి కలం ఎత్తిన మనిషి ఒక్కోసారి పిల్లని ఇంకోసారి చూడాలనుకుంటాడు.

మా దూరపు చుట్టాల్లో ఒక పిల్లల డాక్టరున్నాడు. కొంచెం చాదస్తం మనిషి. చీటీమీద జ్వరం, బరువు రాసిన తరవాత ‘తల్లి:’ అని ఓ గీత గీసి, ఆవిడ అన్న మాటని ఆవిడ భాషలోనే రాసుకుంటాడట. ‘కళ్ళల్లో కళ లేదు’. ‘పాలు తాగి ముఖం అటు తిప్పేశాడు’. ‘నన్ను చూసి నవ్వలేదు’. ఇంగ్లీషు చీటీలో ఈ తెలుగు ముక్కలేమిటని కొత్తగా వచ్చిన జూనియర్లు మొదట్లో నవ్వుకుంటారట. సాయంత్రం రౌండ్స్‌లో మంచం దగ్గర నిలబడి, ముందు ఆ ముక్కే చదవమంటాడట ఆయన.