తీరిక వేళ తిరిగే సారె

ఖరగ్‌పూర్ బజారులో మట్టి ముంతలో తేనీరు తాగి, ఖాళీ ముంతను చెత్తకుప్ప మీదికి విసిరే మనిషి దానిని చేసినవానిని తలచుకోడు. బెంగాలీలు ఆ ముంతను భాఁడ్ అంటారు. మన భాండ శబ్దానికీ దానికీ మూలం ఒక్కటే. నాలుగు గుక్కల తేనీటి కోసం పుట్టి, మరుక్షణం పెంకులయ్యే ఆ పాత్ర వెనుక ఒక కుటుంబం చాకిరీ ఉన్నది. అదే పనిని, అదే మట్టితో, జీతం కోరకుండా, తీరిక వేళల్లో చేయాలని కొందరు ఉద్యోగస్థులు పూనుకొంటే దానిని మనం ఎలా చూడాలి?

ఇంగ్లండు, అమెరికాలలో ఇటువంటి కుంభకార సంఘాలు చాలాకాలంగా ఉన్నాయి. సభ్యులు చందాలతో సారెలూ, విద్యుత్ కొలిమీ సమకూర్చుకొని, మట్టి పిసకడం మొదలు గది ఊడ్చడం వరకు వంతులవారీగా తామే చేసుకొంటారు. ఖరగ్‌పూర్‌లోనూ ఇటువంటి దానికి మనుషులు దొరకకపోరు. 1951లో నెలకొన్న సాంకేతిక విద్యాసంస్థ ఉన్నది. పదవీ విరమణ చేసిన రైల్వేవారు ఉన్నారు. తీరికను ఒక హక్కుగా మొదట గుర్తించినది కూడా ఇటువంటి పట్టణాలే. సైరను మోగితే పని, మళ్ళీ మోగితే విడుదల. కుమ్మరి ఇంట అటువంటి సైరను ఎన్నడూ మోగలేదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. తూర్పుతీరపు రైలుమార్గంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో దాని చేతికి వచ్చింది. ఆ దారి వెంట ఉత్తరాంధ్ర పల్లెల నుండి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారు ఎందరో. కులవృత్తిని విడిచి కర్మాగారంలో ఫిట్టరుగా చేరినవానికి నెలజీతం, భవిష్యనిధి, పింఛను అనేవి కేవలం సౌకర్యాలు కావు. పుట్టుకతో వచ్చిన కట్టు తెగడం. అటువంటివాని మనుమరాలు నేడు రుసుము చెల్లించి ఆ మట్టినే చేతులకు పూసుకొంటే, తాత నవ్వుకొంటాడో, నొచ్చుకొంటాడో చెప్పడం కష్టం. పని ఒకటే. అయితే ఆమె ఎప్పుడైనా లేచి వెళ్ళవచ్చు. ఆయన పూర్వులకు ఆ వీలు లేదు. సంఘ సభ్యుని కుండ పగిలితే అది అనుభవం. అకాలవర్షానికి ఆవం చల్లారితే కుమ్మరి ఇంట పొయ్యి కూడా చల్లారుతుంది.

ఇంతమాత్రాన సంఘాన్ని తోసిపుచ్చడం తొందరపాటు. మొల్లను కుమ్మరి బిడ్డగా చెప్పుకొని గౌరవించిన సమాజమే సారెను మాత్రం ఒక కులానికి అప్పగించి ఊరుకొన్నది. మట్టి తొక్కి, పాత్రలకు రంగులద్దే స్త్రీని సారె ముట్టనీయని ఆచారం దేశంలో అనేకచోట్ల ఉన్నది. బ్రిటిషు కాలంలో రైల్వే కాలనీల వినోదశాలలు సైతం దొరలకు వేరు, మనవారికి వేరు. అన్ని కులాలవారూ, స్త్రీపురుషులూ ఒకే మట్టిముద్ద ముందు సమానంగా తడబడే గది చిన్న విషయం కాదు.

చిక్కు అమ్మకం దగ్గర వస్తుంది. పండుగ సంతలో సభ్యుడు మట్టి ఖరీదు, కొలిమి ఖర్చు మాత్రమే లెక్కవేసి ప్రమిదలు అమ్ముతాడు. తన శ్రమకు విలువ కట్టకపోవడం అతనికి ఉదారంగా తోస్తుంది. పక్కన కూర్చున్న కుమ్మరి ఆ ధరకు అమ్మలేడు. ఒకని త్యాగం మరొకని కూలిని తగ్గిస్తే దానిని సేవ అనగలమా? టాగూరు, ఎల్మ్‌హర్స్ట్ 1922లో శ్రీనికేతనాన్ని నెలకొల్పినప్పుడు చేతిపనులను పల్లెవాసి బతుకుకు ఆసరాగా తలచారు. ఆ క్రమం తలకిందులు కాకూడదు. జపానులో యనాగి సోయెత్సు పేరులేని పనివాని నిత్యోపయోగ పాత్రలలో సౌందర్యాన్ని చూపి, 1925లో మిత్రులతో కలసి దానికి మింగెయ్ అని పేరు పెట్టాడు. లోకానికి తెలిసినవి మాత్రం యనాగి, హమదా, లీచ్‌ల పేర్లు. అనామకత్వాన్ని పొగడినవారికి ఖ్యాతి దక్కింది, అనామకులు అనామకులుగానే మిగిలారు.

ప్రభుత్వం ఆదుకొంటుందనుకొందామా? 2004లో రైల్వేశాఖ రైళ్ళలో, స్టేషన్లలో మట్టిముంతలు ప్రవేశపెట్టింది. కొన్నేళ్ళకే కాగితపు, ప్లాస్టిక్ కప్పులు తిరిగి వచ్చాయి. ఉత్తర్వుతో వచ్చిన గిరాకీ ఎంతకాలం నిలుస్తుందో, ఉత్తర్వులు రాసే ఉద్యోగంలో ఉన్నవానిగా నాకు కొంత తెలుసు.

కోస్తా జిల్లాల పెళ్ళిళ్ళలో అరివేణి కుండలు తెచ్చే ఆచారం ఒకటి ఉన్నది. ముత్తైదువలు మేళతాళాలతో కుమ్మరి ఇంటికి నడిచివెళ్ళి, బియ్యం, బట్టలు వంటివి ఇచ్చి కుండలు తెచ్చుకొంటారు. ఆ ఒక్కరోజు కావలసినవారే చేసినవాని గడపకు వెళతారు. ఈ మర్యాదలో కులపు కట్టుబాటు లేదనను. అయినా సంఘం ఇందులోని నడకను తీసుకోవచ్చు. దగ్గరి ఊళ్ళోని కుమ్మరిని వేదికపై ప్రదర్శనకు పిలవడం మాని, అతని వాకిట శిష్యులుగా కూర్చోవాలి. సంతలో తమ గంటలను కూడా కలిపి ధర కట్టాలి. గురువుకు ఇచ్చే రుసుము ఎంతన్నది, సారె కొనడానికి ముందే, మొదటి సమావేశంలోనే తేల్చుకోవాలి.