ఓటు వేయనివాడి లెక్క

మా వీధిలో నేను మామా అని పిలిచే పెద్దాయన ఒకరున్నారు. డెబ్బై దాటిన రైతు. మునగకాయ, టమాటో పండించి ఒట్టన్‌చత్రం మార్కెట్టుకు తోలుతారు. ఒకప్పుడు పోలింగు నాడు తెల్లవారకముందే తలస్నానం చేసి, చలవబట్టలు కట్టుకొని అందరికంటే ముందు వరుసలో నిలబడిన మనిషి. ఈమధ్య రెండు ఎన్నికలకు ఆయన గడప దాటలేదు. ఎందుకని అడిగితే, "మార్కెట్లో ధర చెప్పేది మనం కాదు సామీ. ఈడా అంతే. నాకు నచ్చని సరుకు ముందర పెట్టి ఏదో ఒకటి ఎత్తుకో అంటే నేనెందుకు ఎత్తుకోవాల?" అన్నారు.

వెంటనే బదులు చెప్పలేకపోయాను. ఆయన బద్ధకంతో ఇంట్లో కూర్చున్న మనిషి కాదు. ఓటుకు డబ్బు పంచడానికి వచ్చినవారిని వాకిట్లోనుంచే పంపేశారు. మా పక్క జిల్లా అరవక్కురిచ్చిలో 2016 మే నెలలో జరగవలసిన ఎన్నికను, డబ్బు పంపకం కారణంగా ఎన్నికల సంఘమే రద్దు చేసి నవంబరులో జరిపింది. అటువంటి కాలంలో "డబ్బూ తీసుకోను, ఓటూ వేయను, నా చేయి శుభ్రం" అనే మనిషిని తప్పు పట్టడం ఎలా? అయితే చేయి శుభ్రంగా ఉంటే చాలునా? ఆనాటినుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది.

విసిగిన ఓటరు ఇంట్లో కూర్చోవడం తప్ప మరేమి చేయగలడన్నదానికి మన దగ్గరే ఒక పాఠం ఉంది. 1996 శాసనసభ ఎన్నికల్లో ఈరోడ్ జిల్లా మొడక్కురిచ్చి రైతులు తమ గోడు వినే దిక్కు లేదని మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. మొత్తం అభ్యర్థులు 1,033 మంది. ఓటుపత్రం పుస్తకమయింది, పోలింగు వాయిదా పడింది. 88 మందికి ఒక్క ఓటైనా పడలేదు. వారు గెలవడానికి నిలబడలేదు గదా! అదే ఏడు నల్లగొండ లోక్‌సభ స్థానంలో ఫ్లోరైడు నీటి బాధ చెప్పుకోవడానికి నిలబడినవారితో కలిపి 480 మంది పోటీ చేశారు. దానికి ప్రభుత్వం ఇచ్చిన జవాబేమిటి? ఆ ఏడే చట్టం మార్చి శాసనసభ డిపాజిట్టును 250 రూపాయలనుంచి 5,000కు, లోక్‌సభ డిపాజిట్టును 500నుంచి 10,000కు పెంచింది. గోడు వినడానికి బదులు తలుపు ఇరుకు చేసింది.

అయినా 2019లో నిజామాబాదు పసుపు రైతులు, డిపాజిట్టు 25,000 అయిన తరువాత కూడా, నూట డెబ్బై మందికి పైగా నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులకోసం పన్నెండు ఓటు యంత్రాలను కలిపి పెట్టవలసి వచ్చింది. వారు అడిగిన పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదులోనే ప్రారంభమయింది. ఆ పోటీ ఒక్కదానివల్లనే వచ్చిందని నేననను. కాని వారి కోపానికి ఒక సంఖ్య, ఒక తేదీ ఉన్నాయి. అది రాసి పెట్టిన కోపం.

నిలబడలేనివారి సంగతి? ఒకప్పుడు 49-ఓ అనే నియమం ఉండేది. ఓటర్ల రిజిస్టరులో సంతకం చేశాక "నేను ఓటు వేయను" అంటే, పోలింగు అధికారి ఆ మాట రాసుకొని మళ్ళీ సంతకం తీసుకోవాలి. బూతులో ఏజెంట్లందరూ చూస్తుండగా పల్లెటూరి మనిషి ఆ పని చేయగలడా? ఇది ఓటు రహస్యానికి విరుద్ధమని 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు చెప్పింది. అలా నోటా మీట వచ్చింది.

కామర్సు చదివినవాణ్ణి గనుక నోటాను చూస్తే నాకు సస్పెన్స్ ఖాతా గుర్తుకు వస్తుంది. ఏ పద్దుకు చెందుతుందో తేలని మొత్తాన్ని తాత్కాలికంగా అందులో వేస్తాము. దాన్ని అలాగే వదిలేస్తే ఆడిటరు ఊరుకోడు. నోటాకు ఆ ఆడిటరు లేడు. 2024లో ఇందోరు లోక్‌సభ స్థానంలో నోటాకు 2 లక్షల 18 వేలకు పైగా ఓట్లు వచ్చి రెండో స్థానంలో నిలిచింది. నోటాకే మొదటి స్థానం వచ్చినా, శాసనసభకైనా లోక్‌సభకైనా దాని తరువాతి అభ్యర్థే గెలిచినట్టు.

ఇటువంటి రెండో స్థానం ఇరానులోనూ కనబడింది. అక్కడ అభ్యర్థులను పన్నెండుమంది సభ్యుల మండలి ముందే వడపోసేది. 2021 అధ్యక్ష ఎన్నికకు 592 మంది పేర్లిస్తే ఏడుగురినే అనుమతించారు. సగంమంది కూడా ఓటుకు రాలేదు. వచ్చినవారు వేసిన చెల్లని ఓట్లు 37 లక్షల దాకా తేలాయి, రెండో స్థానంలో ఉన్న అభ్యర్థి ఓట్లకంటే ఎక్కువ. 1997లో ఖాతమీని ఎన్నుకొన్నప్పుడు దాదాపు నూటికి ఎనభైమంది వచ్చిన దేశమది. 2024 జూన్‌లో వచ్చినవారు నూటికి నలభై. వారం తరువాత రెండో విడతకు ఏభై దాకా వచ్చారు. అంటే ఓటు మానుకొన్నవారు కూడా మళ్ళీ ఆలోచించారన్నమాట.

అక్కడి పాలకులు ఎంతమంది ఓటు వేశారన్నదాన్నే తమ వ్యవస్థపై నమ్మకానికి కొలతగా చెప్పుకొంటూ వచ్చారు. కాబట్టి ఇంట్లో కూర్చోవడం వారికి అర్థమయ్యే జవాబు. అది ఫలితాన్ని మార్చలేదు, కాని దొంగసాక్ష్యానికి ఒప్పుకోలేదు. దాన్ని నేను తప్పనలేను. మన దగ్గర రానివాణ్ణి ఎవరూ లెక్కించరు. డబ్బు పంచేవాడికి మాత్రం ఒక ఓటు ఖర్చు మిగులు.

ఎన్నికకు దూరంగా ఉండడం ఎప్పుడూ నిజాయితీ కూడా కాదు. ఉసిలంపట్టి పక్క పాప్పాపట్టి, కీరిపట్టి పంచాయతీల అధ్యక్ష పదవి దళితులకు కేటాయించారని, 1996నుంచి 2006 దాకా అక్కడి పెద్దకులాలవారు ఎన్నికను సాగనివ్వలేదు. బహిష్కరణ అన్న మాట ఒకటే, చేసేవాడు బలవంతుడా, బలహీనుడా అన్నది చూడాలి.

మనవంటి చెదిరిన భాషవారికి ఇందులో ఇంకొక చిక్కుంది. 2006 చట్టంతో ఒకటో తరగతినుంచి తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్వడం మనకు కష్టమూ కాదు, అవమానమూ కాదు. కాని బడిలో తెలుగు ఏమవుతుందని మా వాకిటికి ఓటడగ వచ్చినవారిలో ఒక్కరూ మాట్లాడలేదు, మేమూ అడగలేదు. అడగనివారి సంఖ్యలో ఓటుకు రానివారినీ కలిపితే మనం లేనట్టే లెక్క.

ఇంత చెప్పే నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. ఒకసారి ఎన్నికల డ్యూటీకి పోయినప్పుడు నాకు తపాలా ఓటు వచ్చింది. ఎవరూ నచ్చక బీరువాలో పడేశాను. ఆ రోజంతా బూతులో ముసలివారి వేళ్ళకు సిరా పూస్తూ "జాగ్రత్తగా వేయండి" అని చెప్పాను. నా కోపం ఆ బీరువాకు తప్ప మరెవరికీ తెలియదు.

మొన్న మామకు ఇది చెప్పాను. "నచ్చకుంటే నోటా వేయండి మామా, రాసినట్టన్నా ఉంటుంది" అన్నాను.

"రాసింది చదివేవాడు లేడే సామీ?" అన్నారు.

"చదివేవాడు లేడని మనం పద్దు రాయకుండా ఉంటే, రేపు చదివేవాడు వచ్చినా ఏమీ ఉండదు గదా" అన్నాను.

ఆయన నవ్వలేదు, కాదనలేదు. "వచ్చే తడవ నువ్వు పోయేటప్పుడు ఒక మాట పిలువు, చూద్దాం" అన్నారు. పిలుస్తాను. అంతకుముందు నా తపాలా ఓటు నేను సరిగా వేయాలి.