ఎవరి పేరు మీద వ్రాయుచున్నాము?

మొన్న క్రిస్మసు సెలవులకు హైదరాబాదునుండి వచ్చిన మన సంఘ యువకుడొకడు ఆరాధన ముగిసిన పిమ్మట మమ్మును ప్రక్కకు పిలిచి తన ఫోనులో ఒక ఉత్తరము చూపెను. ఊరి మంచినీటి ట్యాంకు పాడైన సంగతి, మా వీధులకు వారమునకు రెండు దినములే నీళ్లు వచ్చుచున్న సంగతి, శాసనసభ్యుడు ఓట్లకు ముందు చెప్పిన మాట, తరువాత మరచిన మాట, అన్నియు అందులో నున్నవి. ఉత్తరము బాగుగానే యున్నది. కొంచెము కారము ఎక్కువ. కలెక్టరుగారికి, మంత్రిగారికి, రెండు పత్రికలకు పంపదలచెను. అయితే పంపబోవుచున్నది తన స్వంత ఈమెయిలు నుండి కాదు, కంపెనీవారిచ్చిన దానినుండి. అడుగున అతని ఉద్యోగము పేరు, కంపెనీ పేరు వాటంతట అవే వచ్చి చేరినవి.

"ఆఫీసు మెయిలెందుకు బాబూ?" అని అడిగితిమి.

"మామూలు అడ్రసు నుంచి పంపితే ఎవరు చదువుతారండీ అయ్యగారూ? కంపెనీ పేరు చూస్తే కాస్త భయపడతారు" అనెను.

అతడు దాచుకొనక చెప్పెను గనుక ఆ మాట మా మనస్సులో నిలిచిపోయినది.

మొదట లోకజ్ఞానము చెప్పితిమి. ఆఫీసువారిచ్చిన మెయిలు మన ఇల్లు కాదు, ఉద్యోగముతో కూడ ఇచ్చిన క్వార్టరు వంటిది. మనము ఉత్తరమును తుడిచివేసినను వారి సర్వరులో దాని ప్రతి మిగిలియుండవచ్చును. దానిని చూచుటకు మాకు అధికారము కలదని చాల కంపెనీలు చేర్చుకొనుదినముననే సంతకము తీసికొనును. ఆ కాగితములు చదివి సంతకము చేయువారు ఎందరు? ప్రభుత్వోద్యోగులకైతే సంగతి మరింత కఠినము. 1964 నాటి ప్రవర్తన నియమావళులు, కేంద్రమువారివైనను ఆంధ్రప్రదేశమువారివైనను, ఉద్యోగి రాజకీయములలో పాల్గొనుటను నిషేధించుచున్నవి. ఓటు వేయవచ్చును గాని ఎవరికి వేసినది బయటపెట్టరాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము 'సమాచారము' అను మాటకిచ్చిన అర్థములో ఈమెయిళ్లను కూడ చేర్చినది. అమెరికాలోనున్న మన పిల్లలు అక్కడ వాక్స్వాతంత్ర్యము కలదని ధైర్యముగా నుందురు. ఆ హక్కు ప్రభుత్వపు చేతిని కట్టునేగాని ప్రయివేటు యజమాని చేతిని చాలమట్టుకు కట్టదు.

ఇదంతయు నిజమే. కాని ఇంతమాత్రము చెప్పి ఊరకుండినయెడల మేము అతనికి నేర్పినది భయమే గదా? ఉద్యోగము పోవునని నోరు మూసికొనుట వివేకమని పిలువబడుచున్న కాలమిది. దాహముతోనున్న వీధిని గూర్చి ఎవరో ఒకరు వ్రాయవలసినదే. మమ్మును కలతపెట్టినది వేరొకటి.

2012 ఏప్రిలులో కలకత్తాలో జరిగిన సంగతి పాఠకులలో కొందరికి జ్ఞాపకముండును. జాదవపూరు విశ్వవిద్యాలయములో రసాయనశాస్త్ర ఆచార్యులైన అంబికేశ్ మహాపాత్రగారు ముఖ్యమంత్రి మమతా బెనర్జీగారిపై వచ్చిన వ్యంగ్యచిత్రము నొకదానిని ఈమెయిలు ద్వారా ఇతరులకు పంపిరి. పంపినది తామున్న గృహనిర్మాణ సహకార సంఘపు మెయిలు నుండి. పోలీసులు ఆయనను పట్టుకొనిరి; ఆయనతోకూడ ఆ సంఘపు కార్యదర్శియైన వృద్ధుని కూడ పట్టుకొనిరి. ఒక బొమ్మ పంపినందుకు మనుష్యులను లాకప్పులో పెట్టుట అన్యాయమని మేము నిస్సంకోచముగా చెప్పుదుము. వారిపై మోపిన సమాచార సాంకేతిక చట్టపు 66ఎ సెక్షనును సుప్రీం కోర్టు 2015 మార్చి 24న కొట్టివేసినది. అయినను ఆచార్యులకు కేసునుండి పూర్తిగా విడుదల కలిగినది 2023 జనవరిలో. తప్పు పట్టుకొన్నవారిదే. కాని ఆ మెయిలు ఒక్కరిది కాదు గనుక ఆ రాత్రి స్టేషనుకు పోయినవారును ఒక్కరు కారు.

ఈ సంగతి మేము పైనుండి చూచి చెప్పుటలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట వేరొక ఊరిలో సేవ చేయుచున్నప్పుడు, రోడ్డు పనిలో జరిగిన మోసమును గూర్చి ఒక నాయకునిపై ఫిర్యాదు వ్రాసి, పాస్టరేటు మెయిలు నుండి, 'సంఘము పక్షమున' అని పంపితిమి. కమిటీని అడుగలేదు. అడిగినయెడల వద్దందురని తెలిసియే అడుగలేదు. మా కోశాధికారి కుమారుడు ఒక ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగి. రెండు నెలలలో వానిని దూరపు మండలమునకు మార్చిరి. దానికిని మా ఉత్తరమునకును సంబంధము కలదని ఎవరును నిరూపింపలేదు. కోశాధికారి మా ఇంటికి వచ్చి గడపలోనే నిలిచి, "మమ్మల్ని ఒక్క మాట అడిగారా అయ్యగారూ?" అనెను. కూర్చుండుమంటిమి. కూర్చుండలేదు.

ఎజ్రా గ్రంథము నాలుగవ అధ్యాయమును ఆ దినములలో మరల చదివితిమి. రెహూము, షిమ్షయి అను ఇద్దరు అధికారులు యెరూషలేము కట్టడమును ఆపవలెనని రాజునకు ఫిర్యాదు వ్రాసిరి. తాము రాజు ఉప్పు తిన్నవారమని చెప్పుకొనిరి. ఉత్తరము పైభాగమున తమ పేర్లతోపాటు ఎన్నో జనాంగముల పేర్లు వరుసగా పేర్చిరి. ఆ ప్రజలలో ఎందరిని అడిగిరో గ్రంథము చెప్పదు. పౌలైతే గలతీయులకు వ్రాసినప్పుడు ఇది నా చేవ్రాత యని పెద్ద అక్షరములతో చూపెను.

ఇదంతయు ఆ యువకునికి చెప్పినప్పుడు అతడు ఊరకుండలేదు. "ఎస్తేరు రాణి తన పదవిని వాడుకోలేదా అయ్యగారూ?" అనెను. ఆ క్షణమున జవాబు తోచలేదు. ఆ రాత్రి పడుకొన్నప్పుడు తోచినది: ఆమె పదవిని వాడెను గాని పందెముగా ఒడ్డినది తన తలను, ప్రక్కవారి తలను కాదు.

మరునాడు అతడే వచ్చెను. కంపెనీ పేరు తీసివేసెను. తన పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు వ్రాసెను. సోమవారము కలెక్టరు కచేరీలో అర్జీలు తీసికొందురు గనుక దానినే కాగితముపై ప్రింటు తీయించి తెచ్చెను. శాసనసభ్యునిగూర్చిన ఒక వాక్యమును మెత్తపరచుమంటిమి. మెత్తపరచలేదు. మేమును బలవంతము చేయలేదు.

"మీ ఇంటికీ నీళ్లు రావట్లేదు కదండీ" అని కలము చాపెను.

పాస్టరు అని గాని, సంఘము పేరు గాని వ్రాయక, మా ఇంటి నంబరు వేసి అతని పేరు క్రింద సంతకము చేసితిమి.